రేసు కారు లోపల కెమెరా: సీక్వెన్షియల్ గేర్‌బాక్స్‌కు ఎందుకింత ఆకర్షణ?

డ్రైవర్ భుజం వెనక నుంచో, హెల్మెట్ లోపలి నుంచో తీసిన రేసింగ్ వీడియోలు మీ ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే ఉంటాయి. స్టీరింగ్ పక్కన నిలువుగా ఒక పొడవాటి రాడ్ ఉంటుంది. డ్రైవర్ దాన్ని ఒక్కసారి వెనక్కి లాగుతాడు, ‘టక్’మని శబ్దం వస్తుంది, గేర్ మారిపోతుంది. క్లచ్ తొక్కిన జాడ ఉండదు. మలుపు దగ్గరపడగానే అదే రాడ్‌ను వరసగా మూడు నాలుగు సార్లు ముందుకు తోస్తాడు. ప్రతి తోపుకూ ఇంజిన్ ఒకసారి గర్జిస్తుంది. వీటన్నిటి వెనక ఆగకుండా ఒక సన్నటి, పదునైన కూత.

ఈ వీడియోలను చూసేవాళ్ళలో చాలామందికి ఎవరు గెలిచారన్నది పట్టదు. కొందరికి ఆ రేసు పేరు కూడా తెలియదు. అయినా పది నిమిషాల పాటు కళ్ళు తిప్పకుండా చూస్తారు. అందుకు కారణం వేగం ఒక్కటే అయితే విమానం కాక్‌పిట్ వీడియో ఇంకా ఎక్కువ ఉత్కంఠ కలిగించాలి. అసలు ఆకర్షణ వేరే చోట ఉంది. ఈ వీడియోల్లో ఒక పనిమంతుడు క్షణక్షణం తీసుకునే నిర్ణయాలు మనకు కనిపిస్తాయి, వినిపిస్తాయి. ఆ నిర్ణయాలను కనిపించేలా చేసే యంత్రభాగమే సీక్వెన్షియల్ గేర్‌బాక్స్. అది ఎలా పనిచేస్తుంది, కెమెరాకూ దానికీ జత ఎలా కుదిరింది, హైదరాబాద్ రోడ్ల మీద రెండు నెలల తేడాతో ఈ కథ ఎలా మలుపు తిరిగింది అన్నది ఈ వ్యాసం.

మీ ఎడమ కాలి కింద ఉన్నదే

మామూలు మాన్యువల్ కారులో గేర్ రాడ్ హెచ్ అక్షరం ఆకారంలో కదులుతుంది. పక్కకు జరిపి, ముందుకో వెనక్కో తోయాలి. ఏ గేర్ నుంచి ఏ గేర్‌కైనా నేరుగా వెళ్ళొచ్చు. అయిదు నుంచి రెండుకు దూకొచ్చు. పొరపాటున వెళ్ళకూడని చోటికీ వెళ్ళొచ్చు.

సీక్వెన్షియల్ అంటే వరస క్రమం. రాడ్ రెండే దిక్కులకు కదులుతుంది. ఒక దిక్కుకు లాగితే పై గేర్, రెండో దిక్కుకు తోస్తే కింది గేర్. మూడు తర్వాత నాలుగే వస్తుంది. నాలుగు నుంచి కిందికి దిగితే మూడే వస్తుంది. మధ్యలో ఒక మెట్టు దాటేయడం కుదరదు.

ఇదేదో అపురూపమైన రేసింగ్ రహస్యం అనుకోనక్కర్లేదు. జగదల్‌పూర్ నుంచి సుక్మా మీదుగా కొంటా దాకా, అక్కడి నుంచి సరిహద్దు దాటి భద్రాచలం దాకా, సంతకు వెళ్ళే ప్రతి మోటార్‌సైకిల్‌లోనూ ఉన్నది సీక్వెన్షియల్ గేర్‌బాక్సే. బైకు నడిపేవారి ఎడమ పాదం చేసే పనినే రేసు డ్రైవర్ చేయి చేస్తుంది. ఎడమ చేతి పిడిని తిప్పి గేర్లు మార్చే పాత బజాజ్ ఆటోలోనూ క్రమం అదే. మన దగ్గర కోట్ల మందికి శరీరంతో తెలిసిన సంగతే ఇది. పేరు మాత్రమే కొత్త.

బైకులోనూ రేసు కారులోనూ ఈ వరసను కాపాడేది సెలెక్టర్ డ్రమ్ అనే చిన్న ఉక్కు స్తంభం. దాని చుట్టూ వంకరటింకర గాళ్ళు చెక్కి ఉంటాయి. గేర్లను కలిపే ఫోర్కుల కొనలు ఆ గాళ్ళలో కూర్చుంటాయి. రాడ్‌ను ఒకసారి లాగితే డ్రమ్ ఒక మెట్టు తిరుగుతుంది. గాడి ఎటు వంగితే ఫోర్కు అటు జరిగి, పాత గేర్‌ను విడదీసి కొత్త గేర్‌ను కలుపుతుంది. గేర్ల క్రమం ఆ గాళ్ళలోనే రాసి ఉంది కాబట్టి డ్రైవర్ తప్పు గేర్‌లోకి దూకే వీలు లేదు.

క్లచ్ లేకుండా గేర్ ఎలా పడుతుంది?

మాన్యువల్ గేర్‌బాక్సులో గేర్ మార్చడమంటే పళ్ళ చక్రాలను ఒకదాని దగ్గరికి ఒకటి తీసుకెళ్ళి ఇరికించడం అని చాలామంది అనుకుంటారు. నేటి గేర్‌బాక్సుల్లో ముందుకు నడిపే గేర్ల చక్రాలన్నీ ఎప్పుడూ జతలు జతలుగా కలిసే తిరుగుతుంటాయి. ప్రతి జతలో ఒక చక్రం మాత్రం తన షాఫ్ట్ మీద వదులుగా ఉంటుంది. ఆ వదులు చక్రాన్ని షాఫ్ట్‌కు బిగించడమే గేర్ వేయడం.

రోడ్డు కారులో ఈ బిగింపుకు ముందు సింక్రో అనే ఇత్తడి రింగు రంగంలోకి దిగుతుంది. అది రాపిడితో చక్రం వేగాన్నీ షాఫ్ట్ వేగాన్నీ సమానం చేశాకే రెండూ కలుస్తాయి. అందుకే గేర్ మెత్తగా పడుతుంది. అందుకే కాస్త సమయమూ పడుతుంది. సింక్రో లేని పాత లారీలు నడిపిన డ్రైవర్లు ఈ పనిని కాళ్ళతో చేసేవారు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, వదిలి, యాక్సిలరేటర్‌తో ఇంజిన్ వేగం పెంచి, మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేర్ వేసేవారు. దీన్నే డబుల్ క్లచ్ అంటారు.

రేసు గేర్‌బాక్సులో సింక్రో ఉండదు. దాని స్థానంలో చక్రం పక్క ముఖం మీద మొద్దుగా, బలంగా ఉండే కొన్ని దంతాలు ఉంటాయి. మెకానిక్కుల భాషలో వీటిని డాగ్‌లు అంటారు. ఎదుటి భాగంలో వాటికి సరిపడా ఖాళీలు విశాలంగా ఉంటాయి. వేగాలు పూర్తిగా సమానం కాకపోయినా డాగ్‌లు ఆ ఖాళీల్లోకి దూరి తగులుకుంటాయి. మనం వినే ‘టక్’ అనే చప్పుడు అదే.

అయితే ఒక చిక్కుంది. ఇంజిన్ బలంగా తోస్తున్నప్పుడు పాత గేర్ డాగ్‌లు ఒకదానినొకటి గట్టిగా నొక్కుకుని ఉంటాయి, విడిపోవు. అందుకే డ్రైవర్ రాడ్ లాగగానే అందులోని సెన్సర్ ఆ బలాన్ని పసిగట్టి, ఇంజిన్‌కు నిప్పు అందకుండా ఒక్క క్షణం ఆపుతుంది. సెకనులో పదో వంతు కన్నా తక్కువ. ఆ లిప్తపాటులో ఒత్తిడి సడలి పాత గేర్ విడిపోతుంది, కొత్తది పడుతుంది. డ్రైవర్ కుడి కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేవనే లేవదు. క్లచ్ అవసరం కారు కదిలేటప్పుడు, ఆగేటప్పుడు మాత్రమే.

గేర్లు దించేటప్పుడు లెక్క తిరగబడుతుంది. కింది గేర్‌కు ఇంజిన్ ఇంకా వేగంగా తిరగాలి. అందుకే ప్రతి తోపుకూ ఒకసారి యాక్సిలరేటర్ పలుకుతుంది. పాత రేసు కార్లలో డ్రైవర్ కుడి పాదం ముందు భాగంతో బ్రేకు నొక్కుతూనే మడమతో యాక్సిలరేటర్‌ను తట్టేవాడు. ఇప్పుడు చాలా కార్లలో ఆ పని ఎలక్ట్రానిక్స్ చేస్తుంది. పాత లారీ డ్రైవర్ డబుల్ క్లచ్‌కూ దీనికీ వెనక ఉన్న సూత్రం ఒక్కటే. గేర్ పడే ముందు రెండు వేగాలూ దగ్గరకు రావాలి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. రోడ్డు కారులో గేర్‌ను నెమ్మదిగా వేయడం మంచి అలవాటు. డాగ్ గేర్‌బాక్సులో అదే పెద్ద తప్పు. తటపటాయిస్తూ లాగితే డాగ్‌ల అంచులు ఒకదాని మీద ఒకటి గీసుకుని గుండ్రంగా అరిగిపోతాయి. ఆ తర్వాత గేర్ పడినట్టే పడి జారిపోతుంది. అందుకే వీడియోలో డ్రైవర్ చేయి అంత మొరటుగా కనిపిస్తుంది. ఆ మొరటుతనం చూపించుకోవడానికి కాదు, ఆ యంత్రాన్ని సరిగ్గా వాడే పద్ధతే అది.

ఆ కూత ఎక్కడిది?

రోడ్డు కార్ల గేర్లకు పళ్ళు ఏటవాలుగా ఉంటాయి. ఒక పన్ను పూర్తిగా విడిపోకముందే పక్క పన్ను మెల్లగా తగులుకుంటుంది. అందుకే చప్పుడు తక్కువ. కానీ ఏటవాలు పళ్ళు చక్రాలను పక్కకు తోస్తాయి. ఆ తోపును తట్టుకోవడానికి బేరింగులు, గేర్‌బాక్సు గోడలు మరింత బలంగా ఉండాలి, కొంత శక్తి వృథా అవుతుంది. రేసు గేర్‌బాక్సుల్లో సాధారణంగా నిటారు పళ్ళు వాడతారు. పక్క తోపు ఉండదు. దానికి చెల్లించే మూల్యం శబ్దం. పన్ను మీద పన్ను పూర్తి వెడల్పున ఒక్కసారిగా తగులుతుంటే ఆ తాకిళ్ళన్నీ కలిసి కూతగా మారతాయి. వేగం పెరిగే కొద్దీ ఆ స్వరం పైకి వెళుతుంది. మీ కారు రివర్స్ గేర్‌లో వచ్చే కూత కూడా చాలా మోడళ్ళలో ఇలాంటి నిటారు పళ్ళ పుణ్యమే.

బయట గ్యాలరీలో కూర్చున్నవారికి వినపడేది సైలెన్సర్ మోత. కారు లోపలి మైకుకు వినపడేది గేర్ల కూత. ఒకే రేసుకు రెండు సంగీతాలు. లోపలి కెమెరా వచ్చేదాకా రెండోది డ్రైవర్ ఒక్కడి సొత్తుగానే ఉండేది.

ఆరో గేర్‌లో ఇరుక్కున్న సెన్నా

హెచ్ గేర్లతో రేసు అంటే ఎంత కష్టమో చెప్పడానికి 1991 బ్రెజిల్ గ్రాండ్ ప్రి చాలు. మెక్‌లారెన్ డ్రైవర్ అయర్టన్ సెన్నా ఆధిక్యంలో ఉండగా గేర్లు ఒక్కొక్కటిగా మొరాయించాయి. చివరి ల్యాపులను ఆరో గేర్ ఒక్కదానితోనే, నెమ్మదైన మలుపుల్లో కూడా, లాక్కొచ్చాడు. దాదాపు 3 సెకన్ల తేడాతో తన సొంత గడ్డ మీద తొలిసారి గెలిచాడు. కారు దిగే ఓపిక కూడా లేకపోవడంతో మనుషులు సాయం పట్టి దించాల్సి వచ్చింది.

అప్పటికే మార్పు మొదలైంది. 1989లో జాన్ బర్నార్డ్ రూపొందించిన ఫెరారీ 640 కారులో గేర్ రాడ్ మాయమైంది. స్టీరింగ్ వెనక రెండు పాడిల్స్ వచ్చాయి. వేళ్ళతో నొక్కితే ఎలక్ట్రో హైడ్రాలిక్ వ్యవస్థ గేర్ మారుస్తుంది. ఎన్నో సాంకేతిక లోపాలతో సతమతమైన ఆ కారు ఆ ఏడాది మొదటి రేసు పూర్తి చేస్తుందని కూడా ఎవరూ నమ్మలేదు. రియోలో జరిగిన ఆ రేసును నైజెల్ మాన్సెల్ గెలిచాడు. చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉండటం, మలుపు మధ్యలో కూడా గేర్ మార్చగలగడం ఎంత పెద్ద లాభమో మిగతా జట్లకు అర్థమైంది. 1990ల మధ్యకల్లా ఫార్ములా వన్‌లో హెచ్ గేర్లు అంతరించాయి. 1995లో ఫోర్టీ జట్టు కారుతో ఆ కథ ముగిసింది.

మిగతా రేసింగ్ తీరికగా ఆ దారి పట్టింది. ఇంగ్లండ్‌లో 1957 నుంచి ఉన్న హ్యూలాండ్, 1984లో మొదలైన ఎక్స్‌ట్రాక్ వంటి సంస్థలు చిన్న రేసులకు కూడా సీక్వెన్షియల్ గేర్‌బాక్సులు అందించాయి. అమెరికాలో నాస్కార్ దశాబ్దాల పాటు నాలుగు గేర్ల హెచ్ పద్ధతినే పట్టుకుని, 2022లో అయిదు గేర్ల సీక్వెన్షియల్‌కు మారింది.

అదే ఏడాది ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ మరో దిక్కుకు తిరిగింది. ఖర్చు తగ్గించడానికి అగ్రశ్రేణి కార్లలో పాడిల్స్ తీసేసి, అయిదు గేర్ల సీక్వెన్షియల్‌ను చేతి రాడ్‌తో మార్చాలని నిబంధన పెట్టింది. ప్రేక్షకుల కోసం చేసిన మార్పు కాదది. అయినా దానితో డ్రైవర్ చేయి మళ్ళీ తెర మీదికి వచ్చింది. అడవి బాటలో ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ, రెండో చేత్తో గేర్ లాగుతూ, పక్క సీటులో సహచరుడు చదివే మలుపుల లెక్క వింటూ సాగే ర్యాలీ వీడియోలే ఈ తరహాలో ఎక్కువ పేరు తెచ్చుకున్నాయి.

కెమెరా కారెక్కిన కథ

కారుకు కెమెరా కట్టాలన్న ఆలోచన పాతదే. 1966 నాటి ‘గ్రాండ్ ప్రి’ సినిమా కోసం జాన్ ఫ్రాంకెన్‌హైమర్ బృందం రేసు కార్లకు బరువైన సినిమా కెమెరాలు బిగించింది. స్టీవ్ మెక్వీన్ ‘లె మాన్స్’ సినిమా కోసం 1970లో ఒక పోర్షె 908 కారును కెమెరాలతో సహా నిజమైన 24 గంటల రేసులోనే దింపారు. రీళ్ళు మార్చడానికి అది మాటిమాటికీ పిట్‌కు రావాల్సి వచ్చేది.

ప్రత్యక్ష ప్రసారంలో ఈ దృశ్యం చూపించిన ఘనత ఆస్ట్రేలియాది. 1979 బాథర్స్ట్ రేసులో ఛానల్ సెవెన్ సంస్థ పీటర్ విలియమ్‌సన్ నడిపిన టొయోటా సెలికాలో కెమెరా పెట్టింది. బొమ్మ హెలికాప్టర్ ద్వారా ఇళ్ళకు చేరింది. ఫార్ములా వన్‌లో 1985 జర్మన్ గ్రాండ్ ప్రిలో రెనో జట్టు మూడో కారును కెమెరాతో నడిపింది. అయిదేళ్ళ తర్వాత మొనాకో ఇరుకు వీధుల్లో సెన్నా కారు నుంచి వచ్చిన దృశ్యాలు నేటికీ చూస్తూనే ఉన్నారు. ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో హెచ్ గేర్లు, గోడలకు అంగుళాల దూరం. ఇప్పుడు కెమెరా హెల్మెట్ లోపలికి, కంటి పక్కకు చేరింది. ఫార్ములా ఈలోనూ, తర్వాత ఫార్ములా వన్‌లోనూ డ్రైవర్ చూసేదే మనమూ చూస్తున్నాం.

భారత రేసు కార్లలో గేర్లు

మన దేశంలో రేసు కార్ల తయారీకి పునాది వేసినవారిలో కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ ఒకరు. 1988లో ఆయన మారుతీ 800 ఇంజిన్‌తో ఒంటి సీటు రేసు కారును తయారుచేసి, సామాన్య రేసర్లకు అందుబాటులోకి తెచ్చారు. ఫార్ములా మారుతీగా పేరొందిన ఆ తరగతిలో ఒక తరం డ్రైవర్లు ఓనమాలు దిద్దారు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. కోయంబత్తూరు శివార్లలోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది.

తర్వాత వచ్చిన ఫార్ములా ఎల్‌జీబీ 4 కార్లు కూడా మారుతీ ఇంజిన్లవే, వాటిలో కుర్రాళ్ళు హెచ్ గేర్లతోనే నేర్చుకుంటారు. పై మెట్టులో వాడిన ఫార్ములా బీఎండబ్ల్యూ కారులో ఇంజిన్ బీఎండబ్ల్యూ మోటార్‌సైకిల్‌ది, గేర్‌బాక్స్ హ్యూలాండ్ ఆరు గేర్ల సీక్వెన్షియల్. ఆ పైన ఫార్ములా 4లో పాడిల్స్. అంటే రేసర్ మెట్లెక్కే కొద్దీ గేర్ మార్చడంలో శరీరం చేసే పని తగ్గుతూ వస్తుంది.

హుస్సేన్ సాగర్ ఒడ్డున రెండు లోకాలు

తెలుగు నేల మీద ఈ మార్పు మొత్తం రెండు నెలల్లో కనిపించింది. 2022లో హుస్సేన్ సాగర్ పక్కన, సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్ పరిసరాల్లో సుమారు 2.8 కిలోమీటర్ల వీధి సర్క్యూట్ వేశారు. ఆ ఏడాది నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్ మొదటి రౌండ్ అనుకున్నట్టు సాగలేదు, రేసులు పూర్తికాలేదు. డిసెంబరు 10, 11 తేదీల్లో ముగింపు రౌండ్ మాత్రం అదే దారిలో జరిగింది. హైదరాబాద్ పేరుతో బ్లాక్‌బర్డ్స్ జట్టు కూడా లీగ్‌లో ఉంది. 2024లో నటుడు నాగచైతన్య దాన్ని సొంతం చేసుకున్నారు.

లీగ్‌లో వాడినవి ఇటలీకి చెందిన వోల్ఫ్ కంపెనీ జీబీ08 థండర్ కార్లు. వాటి గుండె 1.1 లీటర్ల ఏప్రిలియా మోటార్‌సైకిల్ ఇంజిన్. సుమారు 220 హార్స్‌పవర్. బైకు ఇంజిన్‌తో పాటే బైకు గేర్‌బాక్సూ వస్తుంది, అంటే ఆరు గేర్ల సీక్వెన్షియల్. నెక్లెస్ రోడ్డు వైపు ఆ రోజు వినిపించిన శబ్దం, వరసగా గేర్లు పడే టకటకలు, ఒక పెద్ద బైకువే. కారు ఆకారంలో ఉన్న బైకు అది.

రెండు నెలలు తిరిగాక 2023 ఫిబ్రవరి 11న అదే చోట ఫార్ములా ఈ రేసు జరిగింది. 2013 ఫార్ములా వన్ రేసు తర్వాత దేశంలో జరిగిన తొలి ప్రపంచ స్థాయి కార్ రేసు అదే. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, నిక్ కాసిడీ రెండో స్థానంలో నిలిచాడు. ఆ కార్లలో డ్రైవర్ మార్చడానికి గేర్లే లేవు.

ఎందుకు లేవు? పెట్రోలు ఇంజిన్‌కు ఒక ఇరుకైన వేగ పరిధిలోనే మంచి బలం ఉంటుంది. ఆ పరిధి దాటకుండా నిలబెట్టడానికే ఇన్ని గేర్లు. విద్యుత్ మోటారు ఆగి ఉన్న స్థితి నుంచే పూర్తి బలం ఇస్తుంది, చాలా ఎక్కువ వేగం దాకా తిరుగుతుంది. ఒక్క నిష్పత్తి సరిపోతుంది. ఇది ఫార్ములా ఈకి కూడా అనుభవం మీద తెలిసిన పాఠం. 2014లో మొదలైన తొలి సీజన్ కార్లలో అయిదు గేర్ల హ్యూలాండ్ సీక్వెన్షియల్ ఉండేది. ఏడాదికేడాది జట్లు గేర్లు తగ్గించుకుంటూ వచ్చి, చివరికి ఒక్కదానితో సరిపెట్టుకున్నాయి.

హైదరాబాద్‌లో పరుగు తీసిన మూడో తరం కార్లలో వెనక మోటారు 350 కిలోవాట్ల శక్తి ఇస్తుంది. బ్రేకు వేసినప్పుడు ముందు, వెనక మోటార్లు కలిసి 600 కిలోవాట్ల దాకా శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపగలవు. వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు అక్కర్లేని విధంగా వాటిని రూపొందించారు. ఇంజినీరింగ్ పరంగా ఇది ముందడుగు. కానీ కారు లోపలి వీడియో చూసేవారికి ఒక ఆనవాలు పోయింది. డ్రైవర్ ఎప్పుడు, ఏమని నిర్ణయించుకున్నాడో చెప్పే ‘టక్’ శబ్దం లేదు. నిర్ణయాలు తగ్గలేదు, శక్తిని ఎక్కడ ఖర్చు చేయాలి, ఎక్కడ దాచాలి అన్న లెక్క ప్రతి మలుపులోనూ ఉంది. అయితే అవి స్టీరింగ్ మీది బటన్లలో, తెర మీది అంకెల్లో దాగిపోయాయి. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు 2024 జనవరిలో రద్దయింది.

వీడియో చూసేటప్పుడు ఏం గమనించాలి?

కొన్ని సంగతులు తెలిస్తే ఈ వీడియోలు మరింత అర్థవంతంగా ఉంటాయి.

మొదటిది, దింపుడు లెక్క. మలుపు ముందు ఎన్నిసార్లు ‘టక్’మందో లెక్కపెట్టండి. ఆరు నుంచి రెండుకు రావాలంటే నాలుగు తోపులు తప్పవు, దూకుడు కుదరదు. మంచి డ్రైవర్ ఆ నాలుగింటినీ బ్రేకు వేసే దూరమంతా సమంగా పరుస్తాడు. తొందరపడి ముందే దించితే వెనక చక్రాలు ఒక్క క్షణం పట్టు కోల్పోతాయి, కారు తోక ఊగుతుంది.

రెండోది, ఎక్కింపు సమయం. ఇంజిన్ స్వరం ప్రతిసారీ ఒకే ఎత్తుకు చేరాక గేర్ పడుతోందా? ఎక్కడైనా ముందుగానే పై గేర్‌కు వెళితే దానికో కారణం ఉంటుంది. తడి రోడ్డు మీద చక్రాలు జారకుండానో, మలుపు మధ్యలో కుదుపు రాకుండానో, ఇంధనం మిగల్చడానికో అలా చేస్తారు.

మూడోది, ఖాళీ చేయి. రాడ్ ఉన్న కారులో గేర్ మార్చే క్షణాన స్టీరింగ్ మీద ఒక్క చేయే ఉంటుంది. కాబట్టి అనుభవం ఉన్నవారు కారు నిటారుగా ఉన్నప్పుడే ఆ పని ముగిస్తారు. మలుపు మధ్యలో చేయి రాడ్ మీదికి వెళ్ళిందంటే ఏదో లెక్క తప్పిందని అర్థం.

నాలుగోది, వీడియో చెప్పని సంగతి. వెడల్పు లెన్సు గోడలను దూరంగా చూపిస్తుంది, వేగాన్ని పెంచి చూపిస్తుంది. బ్రేకు వేసినప్పుడు మెడ మీద పడే భారం, లోపలి వేడి కెమెరాకు అందవు. కనిపించేదాని కన్నా ఆ పని చాలా కష్టం.

కేశకాల్ ఘాట్‌లో ఇది పనికొస్తుందా?

రాయ్‌పూర్ నుంచి బస్తర్ పీఠభూమి మీదికి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి కేశకాల్ దగ్గర వరస మలుపులతో కొండ ఎక్కుతుంది. ఇదే రహదారి జగదల్‌పూర్, కొంటా, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దాకా వెళుతుంది. కాబట్టి ఆంధ్ర, తెలంగాణ లారీ డ్రైవర్లకు ఈ ఘాట్ కొత్తేమీ కాదు. ఎక్కిన గేర్‌లోనే దిగాలన్నది వాళ్ళ పాత సూత్రం. దిగేటప్పుడు ఇంజినే బండిని పట్టి ఉంచాలి. బ్రేకుల మీదే ఆధారపడితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మలుపుకు ముందే సరైన గేర్‌లో ఉండటం రేసు డ్రైవర్‌కూ లారీ డ్రైవర్‌కూ ఉమ్మడి విద్య.

అంతమాత్రాన రేసు గేర్‌బాక్స్ రోడ్డుకు పనికిరాదు. నింపాదిగా నడిపితే కుదుపులు, ఎడతెగని కూత, తరచూ విప్పి డాగ్‌లు పరీక్షించాల్సిన ఖర్చు. లారీ డ్రైవర్‌కు అవసరమైనప్పుడు ఒక గేర్ దాటేసే స్వేచ్ఛ కావాలి. సీక్వెన్షియల్ అది ఇవ్వదు. షోరూంలో అమ్మే కార్లలో ప్లస్, మైనస్ గుర్తులతో ఉండే రాడ్డు, పాడిల్స్ చూసి అది రేసు గేర్‌బాక్స్ అనుకోవడమూ పొరపాటే. వాటి లోపల ఉండేది మామూలు ఆటోమేటిక్, సీవీటీ లేదా డ్యూయల్ క్లచ్. వరస క్రమం పైపై అమరిక మాత్రమే. రేసింగ్ నుంచి నిజంగా రోడ్డు మీదికి దిగినది క్విక్‌షిఫ్టర్. ఇంజిన్‌ను లిప్తపాటు ఆపి క్లచ్ లేకుండా గేర్ వేయించే ఈ పరికరం కేటీఎం 390 డ్యూక్ వంటి బైకుల్లో వస్తోంది.

అసలు ప్రమాదం వేరే ఉంది. హెల్మెట్‌కు కెమెరా పెట్టుకుని ఘాట్ రోడ్ల మీద రేసు వీడియోను అనుకరించేవారు పెరుగుతున్నారు. ట్రాక్ మీద ఎదురు బండి రాదు, పశువులు అడ్డం రావు, ప్రతి మలుపు దగ్గరా జెండా పట్టుకుని ఒక మనిషి ఉంటాడు. కేశకాల్‌లోనో, సాలూరు ఘాట్‌లోనో ఇవేవీ ఉండవు. బహిరంగ రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద, 2019 సవరణ ప్రకారం, మొదటి తప్పుకు 3 నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

లేని గేర్లకు శబ్దం

గేర్లు అక్కర్లేని కాలం వస్తున్నా వాటి మీద మోజు పోలేదనడానికి ఒక తాజా ఉదాహరణ ఉంది. 2023లో హ్యుందాయ్ తన విద్యుత్ కారు అయోనిక్ 5 ఎన్‌లో ఎనిమిది గేర్లు మారుతున్నట్టు నటించే ఏర్పాటు పెట్టింది. పాడిల్ నొక్కితే మోటారు బలాన్ని క్షణం తగ్గించి కుదుపు పుట్టిస్తుంది, స్పీకర్లు ఇంజిన్ శబ్దం వినిపిస్తాయి. లోపల మారేది ఏదీ లేదు. నడిపేవారికి మాత్రం తాము ఏ వేగంలో ఉన్నారో, యంత్రం ఏ స్థితిలో ఉందో చెవితో తెలుస్తుంది.

దీన్ని బొమ్మలాట అని కొట్టిపారేయొచ్చు. కానీ అది ఒక నిజాన్ని ఒప్పుకుంటోంది. గేర్ మార్చడం ఇంజిన్ అవసరమే కాదు, మనిషికీ యంత్రానికీ మధ్య ఒక సంభాషణ కూడా. కారు లోపలి వీడియోలు ఇన్నాళ్ళూ మనకు వినిపించింది ఆ సంభాషణనే. విద్యుత్ రేసుల్లో నైపుణ్యం తగ్గలేదు. దాన్ని చూపించే పద్ధతిని ప్రసారకర్తలు ఇంకా కనిపెట్టాల్సి ఉంది. బ్రేకు ఒత్తిడి, తిరిగి వచ్చే శక్తి, మిగిలిన బ్యాటరీ వంటి అంకెలను మామూలు ప్రేక్షకుడికి ఒక ‘టక్’ శబ్దమంత తేలికగా అర్థమయ్యేలా చేయగలిగితే, గేర్లు లేని కారు లోపలి నుంచి కూడా డ్రైవర్ పనితనాన్ని మళ్ళీ చూడగలుగుతాం.